పదమూడో బొమ్మ

ఆ రోజుల్లో జాగ్రెబ్‌లో సెల్యులాయిడ్ బంగారం.
సినిమా అయిపోగానే రేకులన్నీ నా తొట్టిలోకే.
గోరువెచ్చని నీళ్ళు, సోడా, మెత్తటి గుడ్డ.
ద్రాగుతిన్ కొంగల్ని కడిగి, ఆరబెట్టి,
మళ్ళీ ద్రాగుతిన్‌కే ఇచ్చేదాన్ని
ఖాళీగా.

రెక్క ఒకసారి ఆడడానికి పన్నెండు బొమ్మలు చాలు.
ఆయన పదమూడోది గీయమనేవాడు,
"అలసట అందులో ఉంటుంది."
అర్ధరాత్రి ట్రామ్ తప్పిపోయి
అమ్మాయిలు తిట్టుకుంటూ గీసేవాళ్ళు.

ఇటలీ నుంచి బహుమతి వచ్చిన సాయంత్రం
కండక్టర్ టికెట్టు డబ్బులు పుచ్చుకోలేదు.
కళ్ళు మూసుకుని మెచ్చుకున్నారు పైఅధికారులు;
కొంగజపం మాకు కొత్త కాదు.
ఆయన మాత్రం బూట్లతోనే బల్లెక్కి
ఒంటికాలి మీద నిలబడ్డాడు,
రేగుపళ్ళ సారా ఒక్క చుక్క ఒలకకుండా.

తర్వాత యుద్ధం. తర్వాత కంప్యూటర్లు.
అందరూ అదే చెబుతారు.
నాకు తెలిసి, పదమూడో బొమ్మకి
డబ్బు కట్టేవాడు లేకపోయాడు, అంతే.
టూత్‌పేస్టు ప్రకటనకి ఉడుతను గీశాడు.
ఉడుత బాగానే ఉంది.
దాంతోనే కుంగిపోయాడు.

మొన్న మ్యూజియం నుంచి ఒక పిల్ల వచ్చింది,
అసలు బొమ్మలు ఏమైనా మిగిలాయా అని.
సావా నదిని అడగమననా?

ఒక్కటుంది.
వంటింటి కిటికీ అద్దం పగిలితే అడ్డం పెట్టాను.
కొంగ. కాళ్ళు వేరే రేకు మీద ఉండేవి,
అవెప్పుడో కడిగేశాను.

ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.
కళ్ళద్దాలు తీసి, పెట్టి, చాలాసేపు చూసి
"ఇది పన్నెండోది" అన్నాడు.
కాసిని టీ నీళ్ళు పెట్టమన్నాడు.