ఐదో గడి

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట
నీరు తీశాక బురద బయటపడుతుంది.
ఒలిశెట్టి మాసేనమ్మ చీర ఎగదోపి
కాలివేళ్ళతో వెతుకుతుంది గుల్లల్ని.
మడమ కింద రాయేదో, గుల్లేదో
ముప్పై ఏళ్ళుగా ఆ కాలికి తెలుసు.

నాకు నెలకి నలభై కావాలి.
కిలోల లెక్కన కాదు, ఒక్కొక్కటీ బతికుండాలి.
"వొండుకోవు, అమ్ముకోవు, మరేటి సేత్తావమ్మా?"
"కోసి చూస్తాను."
"మేమూ అదే సేత్తాం, కూరొండే ముందు."

తెన్నేటి పార్కు మలుపులో బస్సు ఒరిగితే
బకెట్లో సముద్రం నా చెప్పుల మీద ఒలికింది.
కండక్టరు ముక్కు మూసుకునే చిల్లర ఇచ్చాడు.

డిపార్ట్‌మెంటులో పాత మైక్రోటోం
పిడి తిప్పినప్పుడల్లా దగ్గుతుంది.
మైనంలో పాతిన అండాశయం
ఐదు మైక్రాన్ల పొరలుగా, రిబ్బనులా లేచి వస్తుంది.
అప్పుడు ఫ్యాను ఆపాలి. ఊపిరి కూడా.
తర్వాత రంగులు:
కేంద్రకానికి ఊదా, మిగతాదానికి గులాబీ.

ఫిబ్రవరి గుల్లలో అండాలు
ఇరుకింట్లో పెళ్ళివారు.
గుండ్రంగా ఉండే చోటు లేక
ఒకదాన్నొకటి తోసుకుని మూలలు తేలాయి.

మే నెల గుల్లలో
అంచులు నలిగాయి, పొర చిట్లింది.
కేంద్రకం ఉండాల్సిన చోట మసక.
చుట్టూ గోధుమరంగు కణాలు చేరి
తింటున్నాయి.
బయటివి కావు,
తల్లి ఒంట్లోవే.

రిజిస్టరులో ఐదు గడులు.
లేతవి, ఎదిగేవి, పండినవి, విడిచినవి.
ఐదోదానికి పేరు మా సీనియర్ పెట్టి పోయాడు:
నష్టం.
ఏప్రిల్లో నూటికి పదకొండు. మేలో ముప్పైనాలుగు.
ఆ నెల నీళ్ళు సలసలమన్నాయి,
ఒడ్డున నల్లటి తెట్టు కూడా కట్టింది.
ఇదీ కారణం అని రాయబోయి
పెన్ను మూత పెట్టేశాను.
నా దగ్గరున్నవి రెండేళ్ళ అంకెలే.

ఫోన్లో ఆ ఫొటో మాసేనమ్మకి చూపించాను.
తడిచేతిని చెంగుకి తుడుచుకుని
వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.
"ఇయ్యన్నీ గుడ్లేనా?"
"గుడ్లే. ఈ పక్కవి పాడైపోయాయి.
గుల్లే మళ్ళీ తనలోకి లాగేసుకుంటుంది."

"పాడవడం ఏటి?
ఏట ఆపీసిన రెణ్ణెల్లూ
అమ్మకానికి ఎండేసిన సేపలే
సూరులోంచి దింపి వొండుకుంటాం.
అది నట్టమేటి?"

అందరికీ అలా తిరిగొస్తుందా అని అడగబోయాను.
అప్పటికే ఆమె వంగి
ఇంకో గుల్లని కాలితో పైకి తీస్తోంది.

ఆగస్టులో, నది ఎర్రబడ్డ వారం,
ల్యాబులో ట్రేలోని ఓ గుల్ల పెదవి తెరిచి
సన్నటి పాలపొగ వదిలింది.
లక్షలు.
మే నెలలో దాని కడుపులో ఏం జరిగిందో నాకు తెలీదు.
తెలియాలంటే అప్పుడే కోసుండాలి,
కోసుంటే ఇప్పుడు ఈ పొగ ఉండేది కాదు.
నా శాస్త్రానికి ఉన్న ఇబ్బంది ఇదే.

ఐదో గడి పేరు కొట్టేయలేదు,
గైడు ఒప్పుకోడు.
పక్కన పెన్సిల్‌తో, చెరిపేసే వీలుగా,
చూరుకు వేలాడే ఎండుచేప బొమ్మ వేశాను.

మాసేనమ్మకి
రెండు నెలల గుల్లల డబ్బులు
ఇంకా బాకీ.