దేనికైనా అడుగువైపు

కిసంగానీ దగ్గర కాంగో నది
రాళ్ళ మీద పడి, లేచి, అరిచి అరిచి
గొంతు పోయాక అడవి పక్కకి ఒదుగుతుంది.
అక్కడే నా కొలువు. చేపల పద్దు.
మెడలో భూతద్దం, జేబులో స్కేలు,
ఫార్మలిన్ వాసనకి ముద్ద దిగని మధ్యాహ్నాలు.

మీసాలు ఎన్ని జతలు? మూడు.
పై జత సాదా దారం.
కింది రెండు జతలూ చీలి, చీలి, వేళ్ళలాగా.
అయితే ఇది మొచోకిడే కుటుంబం,
సైనోడాంటిస్ ప్రజాతి. ముళ్ళ జెల్ల.
ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

ఇక్కణ్ణించే తగువు.
నూటికి పైగా జాతులు,
అన్నీ ఒకే కాన్పులో పుట్టినట్టు మొహాలు.
"కింది దవడ పళ్ళు లెక్కపెట్టు లోసింబా" అంటారు మబికా గారు.
ఒక్కో పన్నూ నూగుగింజలో సగం లేదు.
సూదిమొనతో కదుపుకుంటూ
పదిహేడు, పద్దెనిమిది...
తుమ్మొచ్చిందా, మళ్ళీ ఒకటి.
భుజం ఎముక కత్తిలా సాగితే ఒక పేరు,
మొద్దుబారితే ఇంకొకటి.
మచ్చల్ని మాత్రం నమ్మకూడదు.
"వయసుతో మారతాయి, సాక్షుల మాటల్లాగా"
అని, తానే అని, తానే నవ్వుకుంటారు.

బుధవారాలు ఫైలా వస్తుంది,
తట్టలో సగం చేపలు, సగం బురద.
ఆమె లెక్కలో రెండే జాతులు:
ముల్లు గుచ్చినవి, ఇంకా గుచ్చనివి.
కూర్చోబెట్టి టీ ఇస్తే మిగతావి బయటికొస్తాయి.
సుడి వెనక రాతి చంకలో దూరేది,
మునిగిన మానుకి పట్టిన నాచు గీక్కు తినేది,
పొద్దుగుంకితే గాని గడప దాటనిది,
కట్టేసిన పడవ నీడని ఇల్లనుకునేది.
తూర్పున పెద్ద సరస్సులో ఒకటి ఉందట,
తన గుడ్లు ఇంకో చేప నోట్లో వదిలి పోతుందట.
కోయిల బుద్ధికి రెక్కలే అక్కర్లేదన్నమాట.

చేత్తో పట్టుకుంటే కిర్రుమంటుంది జెల్ల.
రెక్క ముల్లు తన గూట్లో రాసుకునే చప్పుడు అని
నా పుస్తకంలో ఉంది.
"పేరు చెబుతోంది, నీకు వినపడలేదు"
అంది ఫైలా, కత్తితో ముల్లు నరుకుతూ.

వరద నెలలో ఒక రాత్రి
లిండి ఏట్లోకి తీసుకుపోయింది నన్ను.
చెట్లు నడుముల్దాకా నీళ్ళలో.
లాంతరు వంచి, తెడ్డు ఆపి, ఊపిరి కూడా ఆపమంది.
తేలుతున్న దుంగ అడుగున
వేలెడు జెల్లలు, ఇరవయ్యో ముప్పయ్యో,
వెల్లకిలా ఈదుతున్నాయి,
దూలానికి బల్లులు పాకినట్టు,
ఏ తొందరా లేకుండా.

లోకంలో చేపకి వీపు నలుపు, పొట్ట తెలుపు:
పైనుంచి చూసే కొంగకి లోతు, కిందనుంచి చూసే నోటికి వెలుగు.
వీటికి పొట్టే నలుపు.
తిరగబడటం ఒక్క రోజు సరదా కాదు,
రంగు కూడా ఒప్పుకునేంత పాతది.

రిజిస్టరులో ఆవాసం అని ఒక గడి ఉంది,
రెండు వేళ్ళ వెడల్పు.
"ఏరు" అని రాశాను. కొట్టేశాను.
"మునిగిన అడవి" అన్నాను. అది నిజమే, చాలలేదు.
చివరికి పెన్సిల్తో, చిన్న అక్షరాల్లో,
"దేనికైనా అడుగువైపు".

డబ్బులకని వచ్చిన ఫైలా
అలమారా ముందు ఆగిపోయింది.
వెడల్పు సీసాలో 212వ నంబరు,
పొట్ట కిందికి, బుద్ధిగా, మిగతా చేపల్లాగే పడుకోబెట్టాను.
"దీన్నెవరు బోర్లా పడేశారు?"
అడిగి, జవాబుకి ఆగకుండా
సీసాని తలకిందులు చేసి పెట్టేసింది.

మూత కొంచెం కారింది.
చెక్క మీద మరక, ఇవాళ్టికీ పోలేదు.
చీటీ చదవాలంటే మబికా గారు మెడ వంచాలి.
వంచుతారు, విసుక్కుంటారు, "ఎవరి పని ఇది" అంటారు.
నేను పళ్ళు లెక్కపెడుతూనే ఉంటాను.
ఇరవై రెండు.
ఇరవై మూడు.