పిల్లి వేలిముద్ర

దాళ్వా కోతలయ్యాక
రాలుగింజలకీ నత్తలకీ
బాతుల్ని తోలుకుంటా వచ్చాం,
తాళ్ళరేవు దాటి, మడ అడివి వాసన తగిలేదాకా.

మూడొందల పన్నెండు.
పొద్దున్న లెక్కెట్టి వదుల్తాను,
మాపటేళ లెక్కెట్టి వల దడిలోకి తోల్తాను.
పది జతలకో గవ్వ పక్కనెడతాను.
పదిహేను గవ్వలు, పైన ఆరు జతలు.

బాతులు నాయి కావు, చిట్టబ్బాయిగారివి.
నాయి కర్రా, కేకా, నిద్రలేని కళ్ళూ.
ఒప్పందం ఒక్క ముక్క:
పోయిన బాతుకి కాళ్ళు చూపించాలి.
పసుపు కాళ్ళు రెండూ చూపిస్తే దేవుడి ఖాతా,
చూపించకపోతే నా ఖాతా.

రోగమొస్తే కాళ్ళుంటాయి.
పాము కరిస్తే కాళ్ళుంటాయి.
గద్ద తన్నుకుపోయినా ఏ తాడిచెట్టు కిందో పారేస్తుంది.
బావురుపిల్లికే ఆ మర్యాద తెలీదు.

మొదటి రాత్రి నాకేం వినపళ్ళేదు.
వినపళ్ళేదు కాబట్టే మెలకువొచ్చింది:
మూడొందల నోళ్ళు ఒక్కసారి మూతపడ్డాయి.
టార్చి వేసేసరికి
కాలవ నీళ్ళు రెండుగా చీలి
మళ్ళీ కలుసుకుంటున్నాయి.
గట్టు మీద నాలుగీకలు.

రొయ్యల చెరువు కాపలా లోవరాజు
గుళికల పొట్లం తెచ్చిచ్చాడు.
"కోడి పేగుల్లో కలిపెట్టక్కా,
నీ బాతులూ మిగుల్తాయి, మా చెరువూ మిగుల్తాది."
టార్పాలిన్ మడతలో దోపాను.
కనికరం అనుకునేరు,
కాదు.
పిల్లి చస్తే
పోయిన ఏడు బాతులకీ ఉన్న ఒక్క సాక్షీ చచ్చినట్టే.

ఎనిమిదో రాత్రి పడుకోలేదు.
వచ్చింది.
తడిసిన గోనెసంచి నడిచొచ్చినట్టు,
పొట్టి తోక, ఒంటి నిండా మసి చుక్కలు,
నుదుటి మీద ఎవరో గీసి చెరపడం మర్చిపోయిన గీతలు.
కాలవ అంచున కూర్చుని
నీళ్ళని కాలితో తట్టింది, ఒకసారి, ఇంకోసారి,
పడుకున్నవాణ్ణి లేపినట్టు.
ఎవరూ లేవలేదు.
కాలవ అడుగంటింది, చేపలన్నీ
కరెంటు తీగ అవతల చెరువుల్లో ఉన్నాయి.
అప్పుడు తలతిప్పింది.
నా వైపు కాదు, దడి వైపు.

కర్ర లేపేలోగా అవతలి గట్టు మీదుంది, నోట్లో బాతుతో.
తాపీగా తింది.
ఇవతలి గట్టు మీద నేనూ కూర్చున్నాను.
"తిను తల్లీ, ఎలాగూ తింటున్నావు,
కాళ్ళు మాత్రం వదిలెయ్" అన్నాను,
బంతిలో మారు వడ్డించినంత మెత్తగా.
మెడ అయింది. రెక్కలయ్యాయి.
ఆఖర్న కాళ్ళు,
వక్క కొరికిన చప్పుడు.

తెల్లారాక చూశాను బురదలో:
నాలుగు వేళ్ళు, కింద దిండులాంటి అరికాలు,
గోళ్ళు కూడా దిగాయి.
అంత చక్కగా నేనెప్పుడూ వెయ్యలేదు ముద్ర.
కొడవలితో చుట్టూ కోసి
అట్టు తిరగేసినట్టు లేపి
అరిటాకులో పెట్టి మూడెండలు ఎండనిచ్చాను.

లెక్కలనాడు చిట్టబ్బాయిగారు
బండి దిగకుండానే ట్యాంకు మీద పద్దుల పుస్తకం తెరిచారు.
ఎనిమిది తక్కువ అన్నారు.
పెళ్ళ తీసి పుస్తకం పక్కన పెట్టాను.
"తిన్నోళ్ళ వేలిముద్రండి."
నవ్వారు. బాగా నవ్వారు.
ఫోటో తీసి ఎవరికో పంపారు,
కాసేపు ఫోను కిచకిచలాడింది.
తర్వాత ఎనిమిది మూళ్ళు ఇరవైనాలుగొందలు కోసి
స్టాంపు ప్యాడు నా ముందుకి జరిపారు.

నీలంలో ముంచి నొక్కాను, చూపించిన చోట.
పిల్లి నాలుగు వేళ్ళేసింది,
నేనొక్కటే వేశాను.
పుస్తకంలో నాదే చెల్లింది.

సాయంత్రం పెళ్ళని కాలవలో వదిలాను.
మట్టి కాసేపు ఆ కాలుని పట్టుకునుంది,
తర్వాత వదిలేసింది.
నా బొటనవేలి నీలం మూడు స్నానాలకీ పోలేదు.
పొట్లం ఇంకా మడతలోనే ఉంది,
ముట్టుకోలేదు, పారెయ్యానూ లేదు.

మూడొందల నాలుగు.
పదిహేను గవ్వలు, పైన రెండు జతలు.
దడి మూసి కూర్చున్నాను.
అదిగో,
బాతులు నోరు మూసుకున్నాయి.