లింకు డాక్యుమెంట్లు

మా నాన్న ఆజంపురా రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద
నలభై ఏళ్లు దస్తావేజులు రాశాడు.
లింకు తెగిన జాగ కొనకు బిడ్డా,
అమ్మెటోని మొహం కాదు,
వానికి అమ్మినోని దస్కతు చూడు, అనేవాడు.

ఇప్పుడు నా బల్ల మీద బోర్లా పడుకుని ఉంది
ఐదు వందల ఏళ్ల పాప్లర్ చెక్క.
ముందు వైపు తల్లీ బిడ్డా.
నాకు జీతం ఇచ్చేది వీపు చదివినందుకు.

పురుగులు తొలిచిన సన్న బెజ్జాలు.
ఎర్ర లక్క ముద్ర, సగం చిట్లిన కిరీటం.
ఇటలీ భాషలో నాలుగు అక్షరాలు, ఐదోది మేకు కింద.
బొంబాయి రేవు సుంకం చీటీ.
నీలం పెన్సిలుతో వేలంపాట అంకె, రెండు వందల పన్నెండు.
దాని పక్కన ఉర్దూలో,
అలిఫ్‌ను పొడుగ్గా సాగదీసే చేతిరాత:
జనానా మెట్ల దగ్గర, ఎడమ గోడ.
ఏ దేవిడీయో రాయలేదు.
రాసిన దారోగాకి
లోకంలో ఇంకో జనానా మెట్లు ఉంటాయని తోచలేదేమో.

హద్దులు రాసుకున్నాను, నాన్న రాసినట్టే.
తూర్పు: రంపం కోత.
పడమర: రంపం కోత, అంచున పాత బంగారు పూత.
ఉత్తరం: దేవదూత పాదం, ఒక్కటే.
దక్షిణం: జోడించిన రెండు చేతులు. మనిషి లేడు.

డబ్బిచ్చి గీయించుకున్నవాడు వాడే.
ఊలు వ్యాపారి కాబోలు,
వడ్డీల పాపం కడుక్కుందామని
అమ్మ కాళ్ల దగ్గర మోకరించి ఉంటాడు.
చర్చి గోడ మీంచి దించి ముక్కలుగా కోసి అమ్మిన రోజున
వాడి మొహం ఎవరి వాటాకో పోయింది.
మొదటి సొంతదారు
మణికట్ల దాకా మాత్రమే హాజరు.

నలభై ఎనిమిది దాకా కాగితాలున్నాయి.
ఆ తర్వాత డెబ్బై ఒకటిలో
ఛత్తా బజార్ ఫ్రేముల గౌసుద్దీన్ చిట్టా:
మేమ్‌సాబ్ ఫోటో, చెక్కది, పన్నెండు రూపాయలు.
మధ్యలో ఇరవై మూడేళ్లు
ఎవరూ ఏమీ రాయలేదు.

గౌసుద్దీన్ మనవడు చాయ్ తెప్పించాడు.
దాదా జుమేరాత్ బజార్‌ల కొన్నడంట మేడం,
ఎవరో ముసలామె సామాన్ల మీద
మూత లెక్క పెట్టి ఉండెనంట.
ఆడ పేరెవరడుగుతరు?

వెనక్కి వచ్చి చూశాను.
వీపు మీద గుండ్రటి ఒరిపిడి, పద్నాలుగు అంగుళాలు.
బియ్యం గూన అంచు.
మూసిన ప్రతిసారీ తల్లి ముఖం పైకే ఉండేది.

అప్పుడు ముందుకు తిప్పాను.
నుదుటి మీద,
కొవ్వొత్తుల మసి పైన, వార్నిష్ పైన,
పగుళ్లలోకి దిగిన ఎరుపు.
ల్యాబ్ వాళ్లు ఒక్క లైను రాసి పంపారు: పసుపు, సున్నం.
ఒకసారి పెట్టింది కాదు, పొర మీద పొర.
ఎన్ని శుక్రవారాలో.

డిసెంబరులో ప్రదర్శన, శుభ్రం చేసెయ్యండి అన్నారు పైవాళ్లు.
చేశాను. ఉద్యోగం.
ఉమ్మి తడిపిన దూదిపుల్ల,
మా పనిలో అంతకన్నా మెత్తని మందు లేదు.
ఎంగిలి చేస్తున్నానమ్మా అని
ఏ అమ్మకు చెప్పానో నాకే తెలియదు.
నుదురు బోసిగా బయటపడింది.
చూడలేక కాసేపు కిటికీలోంచి
మూసీ వంతెన మీద ఆగిపోయిన బస్సును చూశాను.

దూది పారెయ్యలేదు.
కవర్లో పెట్టి, ఫైలులో
దారోగా రాతకీ గౌసుద్దీన్ చిట్టాకీ మధ్య కుట్టాను.
సొంతదారు: పేరు తెలియదు.
హక్కు: స్వాధీనం, అనుభవం.
నిశానీ: జతపరచడమైనది.

సాక్షులు ఇద్దరుండాలి అనేవాడు నాన్న.
ఒక సంతకం నేను పెట్టాను.
రెండో గీత ఖాళీగా ఉంచాను.