కరెంటు పండు

ఎలహంక అవతల, చెరువుకట్ట దిగితే
ఎనిమిది గుంటలు నావి.
మూడు వైపులా అపార్ట్‌మెంట్లు,
నాలుగో వైపు ఇంకా పేరు పెట్టని లేఅవుట్.
దున్నను, తవ్వను.
ఆకు పరిచి ఊరుకుంటాను.

"ఊరికే ఉండేదానికి ఇంత నేల కొంటివా అక్కా?"
అంటుంది మునెంకటమ్మ.
వార్డంతా ఊడ్చి, తగలబెట్టమన్న ఆకుల్ని
తగలబెట్టకుండా తోపుడుబండిలో నా గేటు దాకా తెస్తుంది.
చింతామణి తెలుగు, మధ్యమధ్య కన్నడం ఉప్పురాయిలా.

డిసెంబరు. ఇంకా ఆరు కాలేదు.
ఎరువు కుప్ప పొగలు కక్కుతోంది.
చీపురు పక్కన పడేసి
మోచేతుల దాకా చేతులు దూర్చింది అందులోకి.
ఆఫీసువాళ్లిచ్చిన గ్లౌజులు రెండూ ఎడమ చేతివే.

అప్పుడే చెప్పాను రాగ్నిల్డ్ సంగతి.
నార్వేలో, మ్యాపు చివర, ఆమెదీ ఇంతే పొలం.
ఒక జనవరి నా దగ్గరుండి
వానపాముల్ని లెక్కబెట్టి వెళ్లింది.
అక్కడ అక్టోబరుకి నేల రాయి,
మే దాకా గునపం దిగదు.
మంచే దుప్పటి. మంచు చాలని ఏడే వేళ్లు చస్తాయట.
"మీ నేలకి నిద్రే లేదు, పాపం" అని రాసింది.

మునెంకటమ్మ కాసేపు ఆలోచించి
"మంచు పడితే ఆ పొద్దు ఊడ్చే పన్లేదు కదా?"

ఉత్తరంలో చిటికెడు విత్తనాలు,
నల్ల కరెంటు పండ్లవి.
"కరెంటా! ముట్టుకుంటే కొడుతుందా?"
మూడు నెలల చలి తాగితే గాని కన్ను తెరవవు.
తడి ఇసుకలో కలిపి, డబ్బాకి మూత పెట్టి
ఫ్రిజ్‌లో, దోసెపిండి గిన్నె పక్కన
ఒక చలికాలాన్ని పెంచుతున్నాను.
తలుపు తీసినప్పుడల్లా
ఆ ఊరి వెలుతురు కొంచెం ముఖం మీద పడేది.

ఫిబ్రవరిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
ఒకటిన్నర రోజు.
పిండి పొంగి గిన్నె దాటింది.
డబ్బాలో ఇసుక గోరువెచ్చగా,
తెల్లారింది లెండి అని
ఎవరో అబద్ధం చెప్పి లేపినట్టు.

పుల్లదోసెలు పోశాను.
నాలుగోది తుంచుకుంటూ డబ్బాకేసి చూసింది.
"కరెంటు పండుకి కరెంటే లేకపాయె."
చెయ్యి కడుక్కుని, ఆ ఇసుకని పట్టుకుపోయి
కరివేపాకు నీడలో పోసి
సంచీడు ఆకులు మీద కుమ్మరించింది.

"లేస్తే లేస్తాయిలే అక్కా.
నిద్ర చాలకుండా లేచేటోళ్లం మేం లేమా?"