సులువు దారి

చండూరుల బస్సు దిగి
ఆటోల అరగంట పోతే గుట్ట.
గుట్ట మొదట్ల కొత్త బోర్డు:
"చుట్టుదారి. రెండుంబావు కిలోమీటర్లు. సులువు."
రాళ్ల మీద పసుపురంగు బాణాలు.
ఎవలో పిల్లగాడు ఒక బాణానికి మీసాలు పెట్టిండు.

ముప్పై రెండేండ్లు గొలుసు వట్టి
భూమిని కొలిచినోణ్ణి.
పింఛనొచ్చినంక గూడ
అడుగులు లెక్కవెట్టకుంట నడువరాదు నాకు.
ఈ గుట్ట నాకెరికే.
టిప్పన్ల ఇదొక వంకర గీత.
కాయితాల మీద ఒక్కటే ముక్క:
"గుట్ట. సాగుకు పనికిరాదు."
కింద సంతకం నాదే.

మల్సూరు ముందట నడుస్తుండు.
చెట్లకు నీళ్లు వోసేది ఆయన్నే,
గేటు తాళంచెవి గూడ ఆయన మొలతాడుకే.
మోకాళ్లు రెండు బయటికి వంగినయి,
ఊరి బోరునీళ్లు ఎముకల్ల రాసిన రాత.
అయినా ఆగి ఆగి నన్నే అడుగుతుండు:
"సారూ, దమ్మొస్తుందా?"

నాలుగువందల పది అడుగులకు మొదటి మలుపు.
తంగేడు ఇరగవూసింది.
బ్యాంకోళ్లిచ్చిన సిమెంటు బెంచీ
ఎండకు ఎదురుంగ, ఎవలు కూసోకుంట.
దాని పక్కన రాళ్లకుప్ప.
"వడిసెల రాళ్లు" అన్నడు మల్సూరు.
"ఆడోళ్లు వాగుల ఏరి కొంగుల మోసిండ్రట.
ఆఖరు దినం చాన మిగిలినయట."
ఎందుకు మిగిలినయో ఆయన చెప్పలే,
నేనడుగలే.
ఒకటి చేతిలకు తీసుకున్న.
కోడి ఇప్పుడే లేచిపోయినట్టు
ఎచ్చగున్నది.

పైన సగం కూలిన బురుజు.
బడిపిల్లలు గోడ మీద గుండు దెబ్బలు లెక్కవెడుతుండ్రు.
ఒకడు పదిహేడంటడు, ఒకతె పంతొమ్మిదంటది.
రెండిటిని కుమ్మరిపురుగులు
మట్టితోటి మూసినయి,
అయ్యి లెక్కకొస్తయా రావా అని కొట్లాట.
పంతులమ్మ నీళ్లసీస తాక్కుంట
"ఏదో ఒకటి రాయుండ్రి" అన్నది.
నేను గూడ చూసిన. నాకు ఇరవై ఒకటి వచ్చినయి.
చెప్పలే.

మల్సూరు గోడ నీడకు ఒరిగిండు.
"మా నాయనమ్మ ఈదమ్మ
పదమూడేండ్ల పిల్లగున్నప్పుడు
ఇండ్ల నాలుగొద్దులున్నది సారూ.
తుపాకుల ముచ్చట ఎన్నడు తియ్యకపోయేది.
దూప ముచ్చటనే.
సిపాయిలు కింద బాయికాడ మంచాలేసుకున్నరట.
వాళ్ల చేద నీళ్లల్ల వడ్డ సప్పుడు
పొద్దుందాక పైకినవడేదట.
సచ్చేదాక ఆమె తలాపున
నిండు చెంబు ఉండాలె.
తాగేది గాదు. ఊకె ఉండాలె."

ఆ బాయి గూడ నేను కొలిచినదే.
బురుజు అడుగునుంచి నూట నలభై అడుగులు.
తుమ్మలు మొలిచినయని
"పూడిన బావి" అని రాసిన,
భోజనం టైము దాటుతుందని
తొందర తొందరగ రాసిన.
నూట నలభై.
పసిపిల్ల గూడ ఉరికి వచ్చే దూరం.

అక్కడ్నుంచి దారి దిగుడే.
సీతాఫలం పొదలు, నెర్రెలిచ్చిన గుండ్లు,
మేకపెంటికలు, గాలికి చిప్సు కాయితం.
ఎక్కడ్నో లెక్క తప్పిన.
ముప్పై రెండేండ్లల్ల ఎన్నడు తప్పలే.

తిరిగి బోర్డు కాడికే వచ్చినం.
కారు దిగిన జంట ఒకటి అడిగింది:
"అంకుల్, చానసేపు పడుతదా?"
"గింతే, దగ్గర్నే" అన్నడు మల్సూరు,
క్యాను ఎత్తి గుటగుట తాగి
నాకందిచ్చిండు.
అందుకుందామని చెయ్యి తెరిస్తె
గుప్పిట్ల రాయి.

"పోనియ్యి సారూ, గుట్టంత రాళ్లే గద."
"కాదు" అన్న. "దాని జాగ దానికున్నది."
నాలుగువందల పది అడుగులే.
ఆయన నవ్వి బోర్డుకు ఆనుకొని నిలవడ్డడు,
వంగిన కాళ్లను ఒకటెనుక ఒకటి సవరించుకుంట.
ఆయన భుజం ఎనుక
బోర్డు మీది ఆఖరు మాట కనవడుతలేదు.

మీసాల బాణం దాటిన.
ఒకటి. రెండు.