మెల్లకన్ను జింక

సంచి మీద అచ్చయిన పేరు రాయల్ డీర్ గోల్డ్.
ఆ పేరుతోని ఒక్కరు గూడ అడగలే.
కొండమల్లేపల్లి సంతల, అచ్చంపేట కిరాణంల
వేలు చూపెట్టి అడిగేది ఒక్కటే మాట:
"మెల్లకన్ను జింక ఉన్నదా?"

ఆ జింకను గీసింది నేనే.
మిర్యాలగూడ బైపాసు మీద
రేపాల సాంబయ్య సేటు కొత్త మిల్లు,
గాలి నిండ ఊక.
"సదువురానోళ్లు గుర్తు పట్టాలె,
సదువుకున్నోళ్లు మోసుకపోను సిగ్గుపడొద్దు,
గట్ల గియ్యి పెయింటర్" అన్నడు.
నా బతుకుల నేను విన్న యాపార శాస్త్రం
గంతే.

ఎరుపు దూరంకెళ్లి పిలుస్తది.
పచ్చ రెండెండలకే సస్తది.
నల్లగీత సన్నగైతే ప్లాస్టిక్ నేతల మునుగుతది.
ఇవన్ని చెప్పిన సేటుకు.
కన్నెందుకు పక్కకు పోయిందో మాత్రం చెప్పలే.
"చెయ్యి జారింది" అన్న.
అప్పటికే పదివేల సంచులు అచ్చయినయి.
"పోనీ తీయ్, బియ్యానికి కండ్లెందుకు" అన్నడాయన.

కుప్ప ఒక్కటే.
సంచులు మూడు, ధరలు మూడు.
హమాలి లింగస్వామికి తెలుసు,
సంచి మూతి కుట్టే మంగ్తీకి తెలుసు.
అయినా జింక సంచి అన్నం
సల్లారినంక గూడ పువ్వు లెక్క ఉంటదని
వాళ్లిండ్లల్లనే చెప్పుకుంటరు.
నాలుక కంటె ముందుగాల కన్ను తింటది.

బియ్యం అయిపోయినంకనే
సంచికి అసలు కొలువు.
మిరపకాయలెండబోసే పట్ట,
తానాల గదికి పరదా,
నాట్లేసే ఆడోళ్ల నెత్తి మీద వాన గొప్ప,
చలికి మేకపిల్ల తొడుక్కున్న చొక్క.
దేవరకొండ దిక్కు ఒక తండాల
గుడిసె తలుపుకు వేలాడుతున్నది నా జింక,
గాలికి ఇటు తిరిగి
నన్ను కాదు, నా వెనక ఎవరినో చూసింది.

మొన్న పట్నం నుంచి కంప్యూటరు పిల్లగాడొచ్చిండు.
మంచోడే.
తెల్ల సంచి, బంగారు అంచు, బొచ్చెడంత ఖాళీ,
నడుమ చిన్న జింక,
రెండు కండ్లు సూటిగ.
అందంగనే ఉండె, అబద్ధమెందుకు.
నెల తిరగకముందే లారీ వాపసొచ్చింది.
డూప్లికేటన్నరు. అవే బియ్యం, అదే కుప్ప.
కల్వకుర్తిల ఒక ముసలామె
సంచిని అటు తిప్పి, ఇటు తిప్పి
"ఇది మాది కాదు బిడ్డా" అన్నదట.
మాది!
సేటుకు రెండు రోజులు నిద్ర పట్టలే ఆ మాటకు.

మూడో నాడు మా గడప తొక్కిండు.
"పెయింటర్, మళ్లొకపాలి చెయ్యి జార్చు."

పాత ఫ్రేములు చెదలు తిన్నయి.
కుంచె పట్టుకోని కూసున్న.
జింక వస్తది, కొమ్ములొస్తయి,
కన్ను సూటిగనే వస్తది.
కావాల్నని వంకర చేస్తే
దొంగ లెక్క చూస్తది.

ఆ పొద్దు చెయ్యి జారలే.
నాలుగేండ్ల షాహీన్
కాగితం అంచుకు గడ్డం ఆనిచ్చి
"నా లెక్క గియ్యి అబ్బా" అన్నది.
గీసిన.
సంచి ఊరూరు తిరిగింది,
బడిల పిల్లలు దాన్ని
"ఇరవై ఐదు కిలోలు" అని పిలిచిండ్రు.
ఏడ్సుకుంట వచ్చేది. నేను రంగులు కలుపుకుంట
తల ఎత్తకపోయేది.
పదమూడో ఏట నల్లగొండల ఆపరేషనైంది.
అంతకు ముందటి ఫోటో ఒక్కటి లేదు ఇంట్ల,
తియ్యనియ్యలే.

ఫోన్ చేసిన.
సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చింది,
మందుల దుకాణానికి సెలవు పెట్టి.
పాత సంచి అడగలే, నన్నేం అడగలే.
అద్దాలు ముక్కు మీదికి జరిపి
కుంచె మొనతోని ఒక్క చుక్క పెట్టింది.
జింక ఠక్కున ఇంట్లకొచ్చింది.

సేటు సంబురపడ్డడు.
"కన్నుకు బిల్లెంత రాయాలె బిడ్డా?"

షాహీన్ కుంచె కడుగుకుంట అన్నది:
"ఇరవై ఐదు కిలోలు."